ఎదుటివాడు ఎలా నడిపినా హైవే మీద మీరు క్షేమంగా ఉండాలంటే

"నేను జాగ్రత్తగానే నడుపుతాను. అడ్డదిడ్డంగా నడిపేవాళ్లతోనే భయం. ఏం చేయాలి?" హైవే ఎక్కేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు బయల్దేరేవాళ్లూ, రాత్రికి రాత్రే కర్నూలు మీదుగా బెంగళూరు చేరాలనుకునేవాళ్లూ, కొత్త కారుతో మొదటిసారి ఊరు దాటేవాళ్లూ అందరూ ఇదే అడుగుతారు.

ఎదుటివాడి చేతిలో స్టీరింగు మీ మాట వినదు. అతనికీ మీకూ మధ్య ఎంత ఖాళీ ఉండాలన్నది మాత్రం చాలావరకు మీరే నిర్ణయించుకోవచ్చు. ఈ పద్ధతులన్నీ ఆ ఖాళీ సంపాదించుకోవడానికీ, అది పోయినప్పుడు ప్రాణం కాపాడుకోవడానికీ. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 61,038 మంది పోయింది జాతీయ రహదారుల మీదే. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా మాత్రం రెండు శాతం దగ్గరే ఉంటుంది.

కారు నడిపేవాళ్లను ఉద్దేశించి రాసింది ఇది. బైకు మీద వెళ్లేవాళ్లకు వేరేగా ఉన్న జాగ్రత్తలు చివర్లో ఉన్నాయి.

దగ్గర ఉండాల్సినవి

- ఎర్రటి రిఫ్లెక్టర్ త్రికోణం. కారుతోపాటే ఇస్తారు. చాలామంది దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పరు. ఒకసారి బయటికి తీసి కాళ్లు విప్పి నిలబెట్టి చూడండి. చీకట్లో మొదటిసారి ప్రయత్నిస్తే చేతకాదు.
- మెరిసే పట్టీలున్న జాకెట్ ఒకటి, ఛార్జింగ్ ఉన్న టార్చి ఒకటి. ఇవి డిక్కీలో కాకుండా డ్రైవరు చేతికి అందేచోట ఉండాలి.
- గాలి నింపిన స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్. షాపులో మెషీన్‌తో బిగించిన నట్లు చేతి స్పానర్‌కు కదలవు. ఇంటి దగ్గరే ఒక నట్టు వదులు చేసి చూసి, మళ్లీ గట్టిగా బిగించండి.
- వెడల్పాటి బ్యాండేజీ చుట్టలు రెండు, గాజ్ గుడ్డ (గాయం మీద వేసే పల్చటి గుడ్డ), చేతి గ్లవ్స్, కత్తెర, శుభ్రమైన తువ్వాళ్లు రెండు.
- అద్దం పగలగొట్టే చిన్న సుత్తి. ముందు అద్దం దానితో పగలదు. పక్క అద్దాన్ని మూలన కొట్టాలి.
- కాగితం మీద రాసిన నంబర్లు: 1033 (జాతీయ రహదారుల సహాయం), 108 (అంబులెన్సు), 112 (పోలీసు, అన్ని అత్యవసరాలు), మీ ఇన్సూరెన్సు కంపెనీ నంబరు, ఇంట్లోవాళ్ల నంబరు. ఫోను పగిలిపోతే పనికొచ్చేది ఈ కాగితమే.

డాష్‌క్యామ్ (ముందున్న రోడ్డును రికార్డు చేసే చిన్న కెమెరా) ఉంటే మంచిదే, తప్పనిసరేమీ కాదు. పెట్టుకుంటే అందులో తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. తప్పు తేదీ ఉన్న వీడియో మీకు సాయపడకపోగా అనుమానాలు పెంచుతుంది.

1. బయల్దేరే ముందు: పదిహేను నిమిషాలు

టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి, అంటే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరులో ఉంటుంది. నిండా మనుషులు, సామాను ఉంటే ఎంత ఉండాలో కూడా అక్కడే విడిగా రాసి ఉంటుంది. దారిలో పెట్రోలు బంకులో కొలిస్తే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. టైరు వేడెక్కితే అలాగే ఉంటుంది, గాలి తీయకండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఎండాకాలం టైరు పేలుతుందని గాలి తగ్గిస్తారు. గాలి తక్కువైన టైరు పక్కలు ప్రతి చుట్టుకూ వంగి వంగి లోపల వేడి పుడుతుంది. చివరికి పేలేది అదే. స్టిక్కరు చెప్పినంత గాలి మే నెలలోనూ ఉండాల్సిందే.

టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెలు చూడండి. 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆరేళ్లు దాటితే గాడులు బాగున్నా హైవేకు తీసుకెళ్లకపోవడం మేలు. గాడుల లోతు చట్టప్రకారం కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. వానాకాలం ప్రయాణానికి 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చేయండి.

తర్వాత ఒక మనిషిని వెనక నిలబెట్టి వెనక లైట్లు, బ్రేకు లైట్లు, ఇండికేటర్లు అన్నీ వెలుగుతున్నాయో లేదో అడగండి. డిక్కీ నిండా సామాను పెడితే బండి ముందుభాగం పైకి లేచి హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి. డ్యాష్‌బోర్డు మీద లైటు ఎత్తు తగ్గించే చక్రం ఉంటే ఒకటి రెండు అంకెలు తిప్పండి.

డ్రైవరు కాళ్ల దగ్గర నీళ్ల సీసా, చెప్పులు ఉంచకండి. బ్రేకు పెడలు కిందికి దొర్లితే తొక్కినా దిగదు. వెనక సీటువాళ్లూ బెల్టు పెట్టుకోవాలి. బెల్టు లేని మనిషి ఢీకొన్న క్షణంలో ముందు సీటులో ఉన్నవాళ్ల మీదికి పూర్తి వేగంతో వచ్చి పడతాడు.

2. వేగం: మీ లైటు ఎంత దూరం పడుతుందో అంతే

2018లో కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ వేగం మధ్యలో డివైడరు ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు గంటకు 100 కిలోమీటర్లు, సరుకు లారీలకు 80, బైకులకు 80. పక్కన బోర్డు అంతకంటే తక్కువ చెబితే బోర్డు మాటే చెల్లుతుంది. 100 అన్నది పగలు, పొడి రోడ్డు మీద, దారి ఖాళీగా ఉంటే దాటకూడని హద్దు. అన్నివేళలా దాన్ని అందుకోవాలని కాదు.

100లో వెళ్లే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. ప్రమాదం కనబడి కాలు బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకను, అంటే 42 మీటర్లు. బ్రేకు పడ్డాక ఆగడానికి ఇంకో 55. మొత్తం 97 మీటర్లు. మామూలు లో బీమ్ (కిందికి పడే దగ్గరి లైటు) రోడ్డు మీద స్పష్టంగా చూపించేది 50, 60 మీటర్ల లోపే. అంటే రాత్రి లో బీమ్‌తో 100లో వెళ్తున్నప్పుడు లైటు లేని లారీ కనబడేసరికి ఆగడానికి చాలినంత రోడ్డు మిగలదు. ఎంత నైపుణ్యం ఉన్నా ఈ లెక్క మారదు.

అదే 70లో అయితే మొత్తం 56 మీటర్లలో ఆగుతారు. అందుకే రాత్రి లో బీమ్ మీద 70. హై బీమ్ (దూరం పడే లైటు) వాడగలిగిన చోట 80. రోడ్డు తడిగా ఉంటే అందులోంచి ఇంకో 15, 20 తగ్గించండి.

ఆలస్యమవుతుందన్న బాధ ఉంటే ఇంకో లెక్క చూడండి. 200 కిలోమీటర్లు 100లో పోతే రెండు గంటలు, 80లో పోతే రెండున్నర. తేడా అరగంట. అదీ దారి పొడవునా ఒక్కసారి కూడా బ్రేకు వేయకపోతే.

3. ముందు బండితో మూడు సెకన్లు

ముందు బండి ఏదైనా స్తంభాన్నో, కిలోమీటరు రాయినో, వంతెన నీడనో దాటగానే లెక్క మొదలుపెట్టండి: వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు, వెయ్యిన్ని మూడు. మూడోది పూర్తికాకముందే మీరు అక్కడికి చేరితే దగ్గరగా ఉన్నట్టే. వానలో, రాత్రి, లారీ వెనకాల అయితే నాలుగు లెక్కపెట్టండి.

"ఖాళీ వదిలితే ఎవడో ఒకడు దూరతాడు" అని అందరూ అంటారు. దూరతాడు. యాక్సిలరేటరు కొంచెం వదిలి మళ్లీ మూడు సెకన్లు చేసుకోండి. ఇరవైమంది దూరినా మొత్తం ప్రయాణంలో మీకు పోయేది ఒక్క నిమిషం.

వెనకవాడు అతుక్కుని వస్తుంటే మీ ముందు ఖాళీని ఇంకా పెంచాలి. అప్పుడు మీరు గట్టిగా బ్రేకు తొక్కాల్సిన అవసరం రాదు, వెనకవాడికీ ఆగే సమయం దొరుకుతుంది.

4. లారీని దాటడం

మన హైవేల మీద బరువు లారీలు కుడి వరుసలో పోవడం మామూలే. ఎడమ వరుసలో ఆగిన బండ్లు, ఆటోలు, రాంగ్ రూట్ బైకులు ఉంటాయని అలా పోతారు. ఎడమ నుంచి దాటడం ప్రమాదమనడానికి కారణం కూడా అదే. లారీ అడ్డంగా ఉండటం వల్ల ఎడమ వరుసలో ముందు ఏముందో మీకు కనబడదు. సగం దాటాక ఆగి ఉన్న ట్రాక్టరు కనబడితే తప్పుకునే చోటుండదు.

అ. లారీకి మూడు సెకన్ల వెనకే ఉండండి. దగ్గరికి పోతే ముందున్న రోడ్డు కనబడదు.

ఆ. ఒకసారి హారన్, రెండుసార్లు డిప్పర్ కొట్టి పది పదిహేను సెకన్లు ఆగండి. చాలామంది డ్రైవర్లు ఎడమకు వస్తారు.

ఇ. లారీ పక్క అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనబడకపోతే అతనికి మీరు కనబడనట్టే. ఎడమ పక్కన అతనికి కనబడని భాగం చాలా పెద్దది.

ఈ. దాటేటప్పుడు లారీ పక్కన ఉండిపోకండి. త్వరగా దాటేసి, లారీ మొత్తం లోపలి అద్దంలో కనబడ్డాకే ఎడమకు రండి.

ఉ. రెండు వరుసల రోడ్డు మీద లారీ ఇచ్చే కుడి ఇండికేటరును నమ్మి దాటకండి. ఒక డ్రైవరు దాన్ని "దాటిపో" అనడానికి వేస్తే, ఇంకొకడు నిజంగా కుడికి తిరగడానికి వేస్తాడు. క్లీనరు చేత్తో సైగ చేసినా సరే, ఎదురుగా రోడ్డు ఖాళీగా ఉందని మీ కళ్లతో చూస్తేనే దాటండి.

ఎడమ నుంచి తప్ప దారే లేదనిపిస్తే కాసేపు లారీ వెనకే పోవడం సరైన పని. డివైడరు లేని రోడ్డు మీద టిప్పర్లను దాటేటప్పుడు ఈ ఓపిక ఇంకా అవసరం. కంకర టిప్పరు నిండా బరువుతో ఉంటే మీ కారు ఆగినంత దూరంలో అది ఆగదు.

5. ఆగి ఉన్న లారీ: దీని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి

"ఆగి ఉన్న లారీని వెనక నుంచి ఢీకొన్న కారు" అన్న వార్త మన పేపర్లలో రాని వారం ఉండదు. వెనక లైట్లు లేక, రిఫ్లెక్టరు మీద దుమ్ముపట్టి, సగం రోడ్డు మీదే ఆగిన లారీ అది. చీకట్లో దాని వెనకభాగం నల్లటి గోడలా ఉంటుంది. ముందే పసిగట్టడానికి గుర్తులున్నాయి.

రోడ్డు మీద చెట్టుకొమ్మ కనబడితే ముందు బండి చెడి ఆగి ఉందని అర్థం. త్రికోణం బదులు డ్రైవర్లు కొమ్మలు, రాళ్లు పెడతారు. కొమ్మ చూడగానే యాక్సిలరేటరు వదిలి, అద్దం చూసుకుని కుడి వరుసకు మారండి. లారీ వెళ్లిపోయినా రాళ్లు రోడ్డు మీదే ఉండిపోవడం మామూలు, వాటి కోసమూ చూస్తుండాలి.

ఎడమ అంచున తెల్ల గీత ఉన్నట్టుండి మాయమైతే దాన్ని ఏదో కప్పేసిందని అనుకోండి. రోడ్డు పక్క వరసగా మెరిసే రిఫ్లెక్టర్లలో రెండు మూడు ఒక్కసారి కనబడకపోతే కూడా అంతే.

ముందు వెళ్లే బండి కారణం లేకుండా కుడికి జరిగితే, ఎడమ వరుస ఖాళీ అయిందని అటు దూరకండి. అక్కడేదో ఉండబట్టే అతను జరిగాడు.

ధాబాలు, టీ బడ్డీలు, టోల్ గేటుకు ముందూ వెనకా ఒక కిలోమీటరు, ఊళ్ల దగ్గర డివైడరులో వదిలిన ఖాళీలు, సర్వీస్ రోడ్డు వచ్చి కలిసే చోట్లు: ఇక్కడన్నిట్లో 60కి దిగండి. విజయవాడ దారిలో చౌటుప్పల్, చిట్యాల, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ, నందిగామ లాంటి ఊళ్లు రాగానే రోడ్డు వెడల్పుగానే ఉన్నా దాని స్వభావం మారిపోతుంది.

కోతల కాలంలో ఇంకొన్ని తోడవుతాయి. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీలు, రోడ్డుకంటే వెడల్పుగా అనిపించే వరికోత మిషన్లు, పత్తి నింపి పక్కలకు పొంగిన బండ్లు, సర్వీస్ రోడ్ల మీదా చిన్న రోడ్ల మీదా ఆరబోసిన వడ్లు. వడ్ల చుట్టూ రాళ్లు పెట్టి నల్ల టార్పాలిన్ కప్పుతారు. రాత్రి అది రోడ్డు రంగులోనే కలిసిపోతుంది. 20లో పోయే ట్రాక్టరు వెనక మీరు 90లో ఉంటే, వంద మీటర్ల ఖాళీ ఐదు సెకన్లలో అయిపోతుంది.

ఇంత చూసుకున్నా తగలక తప్పదనిపిస్తే బ్రేకు పూర్తిగా తొక్కి అలాగే పట్టుకోండి. ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంటే పెడలు దడదడలాడుతుంది, భయపడి వదలకండి. పక్కన ఖాళీ స్పష్టంగా కనబడితేనే స్టీరింగు తిప్పండి. కుక్క అడ్డమొచ్చిందని 90లో స్టీరింగు లాగేస్తే కారు పల్టీ కొడుతుంది. అక్కడ కూడా నేరుగా బ్రేకు వేయడమే.

6. ప్రమాదకరంగా నడిపేవాళ్లు ఎదురైతే

వెనక నుంచి లైట్లు కొడుతూ మీదికి వచ్చేవాడు: ఎడమ ఇండికేటరు వేసి, చోటు దొరకగానే దారివ్వండి. లోపలి అద్దం కింది చిన్న మీటను తిప్పితే వెలుగు తగ్గుతుంది. బుద్ధి చెప్పాలని బ్రేకు తట్టకండి. అతను ఢీకొంటే దెబ్బ మీ వెనక సీటులో ఉన్నవాళ్లకు.

రాంగ్ రూట్‌లో వచ్చేవాడు: రాత్రి ఒంటి లైటుతో వచ్చే బైకు డివైడరు అవతలి రోడ్డు మీద వస్తున్నట్టు అనిపిస్తుంది. రెండు చోట్ల వస్తారు, డివైడరును ఆనుకునో, ఎడమ అంచునో. డివైడరు మొక్కలకు ఇవతల లైటు కదులుతున్నట్టు అనిపిస్తే వేగం తగ్గించి, అద్దం చూసుకుని ఎడమ వరుసలోకి వచ్చేయండి. డివైడరు లేని రోడ్డు మీద ఎదురుగా బండి వచ్చేస్తే ఎప్పుడూ ఎడమకే తప్పుకోవాలి. అతను తప్పుకోబోయేది కూడా అతని ఎడమకే. మీరు కుడికి లాగితే ఇద్దరూ ఒకేచోట కలుస్తారు.

తాగినవాడు, నిద్రపోతున్నవాడు: వరుసల మధ్య ఊగడం, కారణం లేకుండా బ్రేకు వేయడం, వేగం 60కీ 100కీ మధ్య మారుతుండటం, చీకటిపడినా లైట్లు వేయకపోవడం. ఇలాంటి బండిని దాటే ప్రయత్నం చేయకండి. కనీసం 200 మీటర్లు వెనక ఉండి, పక్కనున్నవాళ్లతో 112కు ఫోన్ చేయించండి. బండి నంబరు, రంగు, ఏ ఊరి వైపు పోతోంది, చివరగా దాటిన కిలోమీటరు రాయి నంబరు చెప్పాలి. అతను మీ వెనక ఉంటే పెట్రోలు బంకులోకి తిప్పి పోనివ్వండి.

గొడవకు దిగేవాడు: అద్దాలు ఎక్కించి, తలుపులు లాక్ చేసి, కళ్లు కలపకుండా టోల్ గేటు దాకానో పోలీస్ స్టేషన్ దాకానో నడపండి. హైవే మధ్యలో బండి ఆపి దిగడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మీదే న్యాయమైనా, వెనక వచ్చే లారీకి ఆ సంగతి తెలియదు.

7. మీకే నిద్ర వస్తే

రాత్రి రెండు నుంచి ఐదు మధ్య శరీరం నిద్ర అడుగుతుంది, ఎంత అలవాటున్నవాళ్లకైనా. 90లో మూడు సెకన్లు కళ్లు మూతపడితే బండి 75 మీటర్లు డ్రైవరు లేకుండా పోయినట్టే. గత రెండు మూడు కిలోమీటర్లు ఎలా వచ్చారో గుర్తులేకపోవడం, ఆవలింతలు ఆగకపోవడం, అంచు గీత మీదికి టైరు ఎక్కడం: ఈ మూడిట్లో ఒక్కటి చాలు ఆపడానికి. అద్దం దించడం, పాటలు పెంచడం, సోంపు నమలడం పనిచేయవు. పెట్రోలు బంకులోనో టోల్ గేటు దగ్గర విశ్రాంతి స్థలంలోనో ఆపి, టీ తాగి, ఇరవై నిమిషాలు పడుకోండి. టీ పనిచేయడానికి ఆ ఇరవై నిమిషాలు పడుతుంది. రోడ్డు అంచున ఆపి పడుకుంటే పైన చెప్పిన ఆగి ఉన్న బండి మీదే అవుతుంది.

8. బండి చెడి ఆగిపోతే

అ. నాలుగు ఇండికేటర్లు వేసి, నడిచినంత దూరం నడిపించి, తెల్ల గీతకు ఎడమన ఆపండి. పంక్చరైన టైరుతోనే మెల్లగా బంకు దాకానో సర్వీస్ రోడ్డు దాకానో పోవచ్చు. టైరు పాడైతే పాడవనివ్వండి.

ఆ. హ్యాండ్ బ్రేకు వేయండి, ముందు చక్రాలు ఎడమకు తిప్పండి. వెనక నుంచి ఎవరైనా కొడితే బండి రోడ్డు మీదికి రాదు.

ఇ. అందరూ ఎడమ తలుపుల నుంచే దిగాలి. వాన పడుతున్నా పిల్లల్ని బండిలో ఉంచకండి.

ఈ. ఇనుప రెయిలింగు ఉంటే దాని అవతల, మీ బండికి వెనకవైపు నిలబడాలి, అంటే బండ్లు వచ్చే దిక్కున. బండి ముందు నిలబడితే, అది ఢీకొని ముందుకు దూసుకొచ్చేది మీ మీదికే.

ఉ. జాకెట్ వేసుకుని, టార్చి ఊపుతూ, రోడ్డు అంచునే వెనక్కి నడిచి కనీసం వంద మీటర్ల దూరంలో త్రికోణం పెట్టండి. సుమారు 140 అడుగులు వేస్తే సరిపోతుంది. మలుపు గానీ ఎత్తు గానీ ఉంటే దానికి అవతల పెట్టాలి. బండి వెనక పది అడుగుల్లో పెట్టిన త్రికోణం ఎవరికీ ఉపయోగపడదు. పెట్టాక వెనక్కి చూడండి: దూరం నుంచి వచ్చే బండ్లు త్రికోణానికి ముందే కుడికి జరుగుతుంటే సరిగ్గా పెట్టినట్టు. చివరి క్షణంలో జరుగుతుంటే ఇంకా వెనక్కి పెట్టండి.

ఊ. 1033కు చేసి, కిలోమీటరు రాయి నంబరు, ఏ ఊరి నుంచి ఏ ఊరి వైపు వెళ్తున్నారో చెప్పండి. దిక్కు చెప్పకపోతే క్రేన్ డివైడరుకు అవతలి వైపు వచ్చి నిలబడుతుంది.

కుడివైపు టైరు పంక్చరైతే హైవే అంచున కూర్చుని మార్చకండి. మీ వీపు నడిరోడ్డు మీద ఉంటుంది.

9. ప్రమాదం జరిగిన చోట

ముందు ఇంకో ప్రమాదం జరగకుండా చూడాలి. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద జరిగింది గుర్తు తెచ్చుకోండి. ఒక బైకు పడిపోయి రోడ్డు మీదే ఉంది. వెనక వచ్చిన ప్రైవేటు బస్సు దాని మీదుగా పోయి ఈడ్చుకెళ్లడంతో మంటలు లేచి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. రోడ్డు మీద పడిన బండి కనబడితే దాటిపోయి ఊరుకోకండి. కనీసం 112కు చెప్పండి.

అ. ప్రమాద స్థలం దాటి కొంత ముందుకు వెళ్లి, రోడ్డు దిగి ఆపండి. నాలుగు ఇండికేటర్లు వేయండి. ఒకరు జాకెట్ వేసుకుని త్రికోణం, టార్చితో వెనక్కి నడిచి వచ్చే బండ్లను నెమ్మది చేయించాలి. ఇద్దరుంటే ఈ పని ముందు, ఫోను తర్వాత కాదు, రెండూ ఒకేసారి.

ఆ. 108కి చెప్పాల్సినవి: చోటు, దిక్కు, ఎంతమందికి దెబ్బలు, స్పృహ ఉందా, ఎవరైనా బండిలో ఇరుక్కున్నారా, మంట గానీ ఇంధనం కారడం గానీ ఉందా.

ఇ. దెబ్బతిన్న బండి తాళం తిప్పి ఇంజన్ ఆపండి. దగ్గర్లో సిగరెట్ వద్దు.

ఈ. మంటలు, మళ్లీ ఢీకొనే ప్రమాదం లేకపోతే గాయపడినవాళ్లను లాగకండి. మెడ, వెన్ను విరిగి ఉంటే లాగడంతో కాళ్లు చేతులు శాశ్వతంగా పడిపోవచ్చు. ఆటోలో కుక్కి తీసుకెళ్లడం జాలితో చేసే పనే అయినా చాలాసార్లు హాని చేస్తుంది. అంబులెన్సు రాదని తెలిస్తేనే, తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా ముగ్గురు నలుగురు కలిసి ఎత్తాలి.

ఉ. రక్తం కారుతుంటే మడతపెట్టిన గుడ్డతో గట్టిగా నొక్కి పది నిమిషాలు వదలకండి. గుడ్డ తడిస్తే తీయకుండా పైన ఇంకోటి పెట్టండి. మధ్యమధ్య తీసి చూస్తే గడ్డకట్టేది మళ్లీ మొదటికొస్తుంది.

ఊ. నీళ్లు తాగించకండి. ఎంత అడిగినా సరే. ఆపరేషను అవసరమైతే అది ప్రాణం మీదికి వస్తుంది, స్పృహ లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఋ. హెల్మెట్ తీయాల్సింది శ్వాస ఆడకపోతేనే, అదీ ఒకరు మెడ కదలకుండా పట్టుకున్నాకే.

శ్వాస ఆగిపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా నొక్కండి, అంబులెన్సు వచ్చేదాకా.

"పోలీసులు మమ్మల్నే పట్టుకుంటే?" అన్న భయంతో చాలామంది ఆగరు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్లను రక్షిస్తుంది. మీ పేరు చెప్పమని బలవంతం చేయకూడదు, సాక్ష్యం చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఆసుపత్రి మిమ్మల్ని డబ్బు కట్టమనకూడదు. 2025 మేలో వచ్చిన నగదురహిత చికిత్స పథకం కింద బాధితుడికి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు 1.5 లక్షల దాకా వైద్యం అందుతుంది. ఈ మాట ఆసుపత్రిలో బంధువులకు చెప్పండి, చాలామందికి తెలియదు. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోయినా, మరణిస్తే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేల పరిహారం ఉంది.

ఢీకొన్నది మీ బండే అయితే, గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లోపు పోలీసులకు తెలియజేయడం మీ బాధ్యత. అక్కడ మూకదాడి భయం ఉంటే నేరుగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. బండ్లు కదిలించే ముందు ఫోటోలు తీయాలి: నాలుగు వైపుల నుంచి, నంబరు ప్లేట్లు, రోడ్డు మీద టైరు గీతలు, కిలోమీటరు రాయి. ఒక ఫోటోలో రెండు బండ్లూ, రోడ్డు మొత్తం పడాలి. దగ్గరగా తీసిన సొట్టల ఫోటోలు వంద ఉన్నా తప్పెవరిదో చెప్పవు. రోడ్డు మీద కాగితం రాసుకుని రాజీపడేముందు ఎవరికీ గాయం లేదని డాక్టరు చెప్పాలి. కడుపులో దెబ్బ గంటల తర్వాత బయటపడుతుంది.

బైకు మీద వెళ్లేవాళ్లకు

ఎడమ అంచున మట్టిని ఆనుకుని పోకండి. ఇసుక, రాళ్లు, రాంగ్ రూట్ బైకులు ఉండేది అక్కడే. ఎడమ వరుస మధ్యలో పోతే వెనకవాడికి పూర్తిగా కనబడతారు. వెనక లైటు పనిచేయని బైకుతో రాత్రి హైవే ఎక్కడం, లైటు లేని లారీ ఆపడంతో సమానం. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించండి. పట్టీ పెట్టని హెల్మెట్ మొదటి దెబ్బకే ఎగిరిపోతుంది. వెనక కూర్చున్నవాళ్ల చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా నడుముకు చుట్టి దోపుకోవాలి.

సరిగ్గా నడుపుతున్నారో లేదో ఎలా తెలుస్తుంది

పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, ఇలా ప్రతి టోల్ గేటు దగ్గర ఒకటి లెక్కపెట్టుకోండి: పోయిన టోల్ గేటు నుంచి ఇక్కడి దాకా ఎన్నిసార్లు గట్టిగా బ్రేకు తొక్కారు? ఒళ్లో ఉన్న వస్తువు కింద పడేంత గట్టిగా అని అర్థం. సున్నా గానీ ఒకటి గానీ అయితే మీ ఖాళీ సరిపోతోంది. మూడు దాటితే, ఎవరి తప్పన్నది పక్కనపెట్టి, వచ్చే భాగం వేగం పది తగ్గించి, మూడు సెకన్లను నాలుగు చేయండి.

పక్క సీటులో ఉన్నవాళ్లు తమకు తెలియకుండానే కాలితో నేలను తొక్కుతున్నారేమో చూడండి. మీ కంటే ముందు వాళ్లకు ప్రమాదం కనబడుతోందంటే మీరు ఆలస్యంగా చూస్తున్నారు. రాత్రి ప్రయాణమైతే దిగిన ప్రతిసారీ వెనక లైట్ల మీద దుమ్ము తుడవండి. వానలో వంద కిలోమీటర్లు వస్తే ఎర్ర లైటు మట్టిరంగులోకి మారిపోయి ఉంటుంది.